సైనికుడికి గీత ఉంది, పాలకుడికి ఎక్కడుంది?

1947 ఆగస్టులో ఒకే సైన్యాన్ని రెండు దేశాలకు పంచారు. రెజిమెంట్లు, తుపాకులు, చివరికి ఆఫీసర్ల మెస్‌లోని వెండి సామాను కూడా పంచుకున్నారు. అటూ ఇటూ వెళ్లిన అధికారులు ఒకే అకాడమీల్లో చదివినవాళ్లు, రెండో ప్రపంచ యుద్ధంలో పక్కపక్కన నిలబడి పోరాడినవాళ్లు. పాకిస్థాన్‌లో ఆ సైన్యం 1958, 1969, 1977, 1999లలో పగ్గాలు పట్టింది. మన దగ్గర ఒక్కసారి కూడా పట్టలేదు. మన జనరళ్లు క్రమశిక్షణ కలవాళ్లని సరిపెట్టుకుంటే దీనికి జవాబు దొరకదు, ఆ క్రమశిక్షణ అటువైపు వాళ్లకూ ఉంది. తేడా ఏర్పాట్లలో ఉంది. ఆ ఏర్పాట్లను పాలించేవాళ్లు ఎంత గౌరవించారన్న దాంట్లో ఇంకా ఎక్కువ ఉంది.

పాకిస్థాన్‌లో తలుపు ఎవరు తీశారో వరసగా చూడండి. 1953లో లాహోర్ అల్లర్లను అణచలేక నగరాన్ని సైన్యానికి అప్పగించి మార్షల్ లా (సైనిక పాలన) పెట్టింది పౌర ప్రభుత్వమే. 1954లో సైన్యాధిపతి పదవిలో ఉండగానే అయూబ్ ఖాన్‌ను రక్షణ మంత్రిని చేసిందీ రాజకీయ నాయకత్వమే. 1958 అక్టోబరు 7న రాజ్యాంగాన్ని రద్దు చేసి అయూబ్‌ను మార్షల్ లా అధికారిగా నియమించింది అధ్యక్షుడు ఇస్కందర్ మీర్జా. మూడు వారాలు తిరగకుండా, అక్టోబరు 27న, అదే అయూబ్ మీర్జాను గద్దె దింపి దేశం దాటించాడు. తర్వాత 1976లో పలువురు సీనియర్లను పక్కనపెట్టి, చెప్పుచేతల్లో ఉంటాడన్న నమ్మకంతో జియా ఉల్ హక్‌ను భుట్టో సైన్యాధిపతిని చేశాడు. 1977 జులైలో జియా కుట్ర, 1979 ఏప్రిల్‌లో భుట్టోకు ఉరి. 1998లో నవాజ్ షరీఫ్ కూడా సీనియారిటీని దాటి ముషారఫ్‌ను ఎంచుకున్నాడు, ఏడాది తిరిగేసరికి పదవి పోగొట్టుకున్నాడు.

సైన్యం రాజకీయాల్లోకి సాధారణంగా గోడ దూకి రాదు. ఎవరో ఒక పాలకుడు తన అవసరానికి లోపలికి పిలుస్తాడు. అందుకే ఈ విషయాన్ని సైనికుడి వైపు నుంచే చూస్తే సగమే అర్థమవుతుంది. మన చట్టాల్లో సైనికుడికి గీసిన గీత చాలా స్పష్టంగా ఉంది. పాలకుడికి గీసింది మాత్రం ఎక్కువగా ఆనవాయితీయే.

పగ్గాలు ఎవరి చేతిలో

బ్రిటిష్ కాలంలో కమాండర్ ఇన్ చీఫ్ అంటే వైస్రాయ్ తర్వాతి మనిషి. సైన్యానికి అధిపతి ఆయనే, వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కూర్చుని సైన్యం తరఫున మాట్లాడేదీ చాలాకాలం ఆయనే. స్వతంత్రం వచ్చాక ఈ స్థానాన్ని పద్ధతి ప్రకారం తగ్గించుకుంటూ వచ్చారు. ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్‌లకు వేర్వేరు అధిపతులను పెట్టి ఎవరూ ఎవరి కిందా కాకుండా చేశారు. ఢిల్లీలో కమాండర్ ఇన్ చీఫ్ ఉండే ఫ్లాగ్‌స్టాఫ్ హౌస్ 1948లో ప్రధాని నెహ్రూ నివాసమైంది. ఇప్పుడు మనం తీన్ మూర్తి భవన్ అంటున్నది దాన్నే. 1955లో ఏకంగా చట్టం చేసి కమాండర్ ఇన్ చీఫ్ అనే హోదానే తీసేశారు, అప్పటి నుంచి వాళ్లు చీఫ్ ఆఫ్ స్టాఫ్‌లు. రాజ్యాంగం 53(2) అధికరణం ప్రకారం త్రివిధ దళాల సర్వోన్నత ఆధిపత్యం రాష్ట్రపతిది. 74వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి నడుచుకోవాల్సింది మంత్రివర్గం సలహా మీద. ఆర్మీ చీఫ్ పదవీకాలం మూడేళ్లు, లేదా 62 ఏళ్ల వయసు, ఏది ముందైతే అది. ఒక జనరల్ ఆ కుర్చీలో పాతుకుపోయి తన వర్గాన్ని పెంచుకునే వ్యవధి ఉండదు.

సైనికాధికారి పాలన ఎలా ఉంటుందో తెలుగువాళ్లకు నేరుగా తెలుసు. 1948 సెప్టెంబరు 13 నుంచి 17 వరకు జరిగిన పోలీసు చర్య తర్వాత మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి హైదరాబాద్ రాష్ట్రానికి మిలిటరీ గవర్నర్ అయ్యారు. ఆ కాలం మచ్చలేనిది కాదు. చర్య సమయంలోనూ ఆ తర్వాతా ముస్లింల మీద జరిగిన హింసను పండిట్ సుందర్‌లాల్ కమిటీ నివేదిక నమోదు చేసింది. తెలంగాణ రైతాంగ పోరాటం మీద సైనిక చర్య 1951 దాకా నడిచింది. కానీ సైనిక పాలన తిష్ఠ వేయలేదు. చౌదరి జవాబుదారీ ఢిల్లీలో పటేల్ చూస్తున్న సంస్థానాల శాఖకు. 1949 డిసెంబరుతో ఆయన పాలన ముగిసింది, ఆయన స్థానంలో సివిల్ అధికారి ఎం.కె. వెల్లోడి వచ్చారు. 1952 ఎన్నికల తర్వాత బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యారు. చౌదరి తిరిగి సైన్యంలో తన పనిలోకి వెళ్లిపోయి, 1962 చివరలో ఆర్మీ చీఫ్ అయి, గడువు తీరాక 1966లో దిగిపోయారు. గడువు పెట్టి పిలవడం, గడువు తీరగానే తిప్పి పంపడం అన్న అలవాటు అక్కడే పడింది.

జవాను ఏం చేయకూడదు

ప్రాథమిక హక్కులను సైనికుల విషయంలో కుదించే అధికారం పార్లమెంటుకు 33వ అధికరణం ఇచ్చింది. దాన్ని ఆధారం చేసుకున్నదే 1950 ఆర్మీ చట్టంలోని 21వ సెక్షన్. వివరాలు 1954 ఆర్మీ రూల్స్‌లో 19, 20, 21 రూల్స్‌లో ఉంటాయి. పార్టీ సభకు గానీ ఊరేగింపుకు గానీ వెళ్లకూడదు, మాట్లాడకూడదు. రాజకీయ సంఘంలో చేరకూడదు, చందా ఇవ్వకూడదు. పార్లమెంటు నుంచి స్థానిక సంస్థల దాకా ఏ ఎన్నికకూ అభ్యర్థినని ప్రకటించుకోకూడదు, వేరేవాళ్ల చేత ప్రకటింపజేసుకోనూ కూడదు. ఎవరి తరఫునా ప్రచారం చేయకూడదు. రాజకీయ విషయాల మీద అనుమతి లేకుండా పత్రికలకు రాయకూడదు. వాట్సాప్ గ్రూపులో పార్టీ పోస్టర్ పంచడం చిన్న విషయంగా కనిపించవచ్చు గానీ, అభ్యర్థికి ఏ రకంగానూ తోడ్పడకూడదన్న రూలు పరిధిలోకి అదీ వస్తుంది.

ఓటు మాత్రం ఉంది. సొంతూళ్లో సర్వీస్ ఓటరుగా నమోదైతే (త్రివిధ దళాల వాళ్లకు ఫారం 2) బ్యాలెట్ ఎలక్ట్రానిక్ పద్ధతిలో యూనిట్‌కు వస్తుంది. దాన్ని ప్రింట్ తీసి, గుర్తు పెట్టి, డిక్లరేషన్‌తో కలిపి కవర్లలో పెట్టి పోస్టులో పంపాలి. లెక్కింపు మొదలయ్యే సమయానికి రిటర్నింగ్ అధికారికి చేరాలి, ఆలస్యమైతే లెక్కలోకి రాదు. కమాండింగ్ అధికారి పని ఈ కాగితాలు సవ్యంగా నడిచేలా చూడటం వరకే. ఎవరికి వేయాలన్నది ఆయన నోటి వెంట రాకూడదు.

ఆజ్ఞాపాలన సంగతికి వస్తే, ఆర్మీ చట్టం 41వ సెక్షన్ పై అధికారి ఆజ్ఞను ధిక్కరించినవాళ్లకు 14 ఏళ్ల దాకా జైలుశిక్ష వేయొచ్చంటుంది. అయితే అందులో ఉన్నది ఉత్త ఆజ్ఞ కాదు, చట్టబద్ధమైన ఆజ్ఞ. సైనికుడు ప్రమాణం చేసేది కూడా చట్టం ప్రకారం ఏర్పడిన రాజ్యాంగానికి విధేయుడిగా ఉంటానని. అందులో ప్రధాని పేరూ ఉండదు, పార్టీ పేరూ ఉండదు. 1930 ఏప్రిల్ 23న పెషావర్‌లో నిరాయుధుల మీద కాల్పులు జరపమంటే గఢ్వాల్ రైఫిల్స్ జవాన్లు చంద్రసింగ్ గఢ్వాలీ నాయకత్వంలో నిరాకరించారు, కోర్ట్ మార్షల్‌లో శిక్షలు పడ్డాయి. ఆ రోజు వాళ్లకు అండగా ఏ చట్టమూ లేదు. 1975 జూన్ 25న ఢిల్లీ రామ్‌లీలా మైదానంలో జయప్రకాశ్ నారాయణ్ పోలీసులనూ సైన్యాన్నీ చట్టవిరుద్ధమైన ఆజ్ఞలు పాటించవద్దని కోరినప్పుడు, ప్రభుత్వం దాన్నే తిరుగుబాటుకు ప్రేరేపించడంగా చూపి ఎమర్జెన్సీని సమర్థించుకుంది. చట్టంలో ఉన్న మాటనే ఆయన గుర్తుచేశారు. అయినా సభలో నిలబడి సైన్యాన్ని ఉద్దేశించి మాట్లాడటం ఎంత సున్నితమైన పనో కూడా ఆ ఘటన చూపిస్తుంది. ఫలానా ఆజ్ఞ చట్టవిరుద్ధమని తేల్చే బరువు 22 ఏళ్ల జవాను మీద పడే స్థితి రాకుండా చూడాల్సింది పైన ఉన్నవాళ్లే.

కలెక్టర్ నుంచి కంపెనీ కమాండర్ దాకా

అల్లర్లు చెలరేగితే టీవీల్లో సైన్యం దిగిందని ఒక్క మాటలో చెప్పేస్తారు. అలా దిగడానికి ఒక పద్ధతి ఉంది. రాజకీయ దుర్వినియోగాన్ని ఆపే అసలు గేట్లు కూడా ఈ పద్ధతిలోనే ఉన్నాయి.

శాంతిభద్రతలు రాష్ట్రానివి. కేంద్ర బలగాలను రాష్ట్రంలో మోహరించడం కేంద్ర జాబితాలోని విషయం. మామూలుగా రాష్ట్ర హోం శాఖ అభ్యర్థన కేంద్రం ద్వారా సైన్యానికి వెళ్తుంది. పరిస్థితి చేయి దాటుతుంటే జిల్లా యంత్రాంగం దగ్గరలోని సైనిక స్థావరాన్ని నేరుగా కోరవచ్చు. మన రెండు రాష్ట్రాలకూ సికింద్రాబాద్‌లో తెలంగాణ, ఆంధ్ర సబ్ ఏరియా కార్యాలయం ఉంది. వరద సహాయం వేరు, గుంపు మీద బలప్రయోగం వేరు. రెండోదానికి 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 148 నుంచి 151 వరకు సెక్షన్లు వర్తిస్తాయి. అంతకుముందు ఇవే పాత నేర ప్రక్రియా స్మృతి సీఆర్‌పీసీలో 129 నుంచి 132 వరకు ఉండేవి.

మొదట పోలీసులతో ప్రయత్నించాలి. వాళ్ల వల్ల కాకపోతేనే, ప్రజా భద్రతకు అవసరమైతేనే, అక్కడ ఉన్న జిల్లా మేజిస్ట్రేట్, అంటే కలెక్టర్, లేదా ఆయన అధికారం ఇచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ సైన్యాన్ని కోరాలి. మండలాల్లో తహసీల్దార్లు ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్లే కాబట్టి ఆ బాధ్యత వాళ్ల మీద పడవచ్చు. కోరిక రాతపూర్వకంగా ఉండటం ముఖ్యం, ఎందుకంటే రేపు విచారణ కమిషన్ ముందు నిలబడేది ఆ కాగితమే.

అక్కడి నుంచి పని రెండుగా చీలుతుంది. గుంపును చెదరగొట్టాలా వద్దా అన్నది మేజిస్ట్రేట్ నిర్ణయం. ఎలా చెదరగొట్టాలన్నది పూర్తిగా సైనికాధికారి నిర్ణయం. పని జరగడానికి సరిపడేంత అతి తక్కువ బలం వాడాలని, మనుషులకూ ఆస్తికీ అతి తక్కువ నష్టం కలగాలని చట్టమే ఆయన్ను కట్టేసింది. కాల్పులు జరపండని మంత్రి ఫోన్ చేసి చెప్పినా ఆ మాటకు చట్టంలో చోటు లేదు. మేజిస్ట్రేట్ అందుబాటులో లేకుండా ప్రజా భద్రతకు స్పష్టమైన ముప్పు ఉంటే కమిషన్డ్ అధికారి తానే రంగంలోకి దిగవచ్చు. కానీ మేజిస్ట్రేట్‌తో మాట్లాడే వీలు దొరికిన క్షణం నుంచి కొనసాగించాలా వద్దా అన్నదానికి ఆయన మాట వినాలి.

కాల్పులు తప్పనిసరైతే ముందు జనానికి అర్థమయ్యే భాషలో మైకులో హెచ్చరిక. తర్వాత పేరు పెట్టి పిలిచిన ఒక్క జవాను, చెప్పినన్ని రౌండ్లు, కిందికి గురిపెట్టి కాల్చాలి. గాల్లోకి కాల్చకూడదు, పైకెళ్లిన తూటా ఎక్కడో మేడ మీద నిలబడ్డ మనిషికి తగులుతుంది. ఆగమనగానే ఆగాలి. ఖాళీ గుళ్లు ఏరి లెక్క అప్పజెప్పాలి, గాయపడినవాళ్లకు చికిత్స అందించాలి. ఇంత కట్టుదిట్టం వెనక 1919 జలియన్‌వాలా బాగ్ ఉంది. అక్కడ డయ్యర్ హెచ్చరిక లేకుండా 1,650 రౌండ్లు కాల్పించాడు, గాయపడినవాళ్లను అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు.

ఈ పద్ధతి రెండు విధాలుగా చెడుతుంది. పిలవాల్సినప్పుడు పిలవకపోవడం ఒకటి. 1984 నవంబరులో ఢిల్లీలో సిక్కుల ఊచకోత జరుగుతున్నప్పుడు సైన్యం కంటోన్మెంట్‌లోనే ఉంది. 1వ తేదీ ఉదయమే పిలిచి ఉంటే ఎన్నో ప్రాణాలు దక్కేవని రంగనాథ్ మిశ్రా కమిషన్ అభిప్రాయపడింది. సైన్యాన్ని వాడటమే కాదు, వాడకుండా బిగపట్టడం కూడా అధికార దుర్వినియోగమే. ఎవరినీ ఏ జనరలూ ధిక్కరించలేదు, సైన్యం ఏ నియమాన్నీ ఉల్లంఘించలేదు, జనం మాత్రం చనిపోయారు.

రాజకీయంగా తేల్చాల్సిన సమస్యను ముదరనిచ్చి చివరికి సైన్యం నెత్తిన పెట్టడం రెండోది. పంజాబ్‌లో పార్టీల ఎత్తులు పైఎత్తుల మధ్య సమస్య 1984 జూన్ నాటికి స్వర్ణ దేవాలయంలో ట్యాంకుల దాకా వచ్చింది. ఆ వార్త విన్న కొద్ది రోజులకే అప్పటి బిహార్‌లోని (ఇప్పుడు జార్ఖండ్) రామ్‌గఢ్ సిక్కు రెజిమెంటల్ సెంటర్‌లో వెయ్యికి పైగా సైనికులు తిరగబడ్డారు, కమాండెంట్ బ్రిగేడియర్ ఎస్.సి. పురీ ప్రాణాలు కోల్పోయారు. స్వతంత్ర భారత సైన్యంలో క్రమశిక్షణకు తగిలిన అతి పెద్ద దెబ్బల్లో అదొకటి.

పదోన్నతుల్లో వేలు పెడితే

పౌర ప్రభుత్వమే పైచేయి అన్నది సరైన సూత్రం. దాన్ని అడ్డం పెట్టుకుని తమకు నచ్చిన అధికారులను పైకి తేవడం వేరే సంగతి. మన చరిత్రలో దీనికి అందరూ చెప్పే ఉదాహరణ జనరల్ తిమ్మయ్యది. 1957 నుంచి ఆర్మీ చీఫ్‌గా ఉన్న ఆయన్ను దాటి రక్షణ మంత్రి కృష్ణ మీనన్ కింది అధికారులతో నేరుగా వ్యవహారాలు నడిపేవారు. మేజర్ జనరల్ బి.ఎం. కౌల్‌కు లెఫ్టినెంట్ జనరల్ హోదా ఇవ్వడం మీద గొడవ ముదిరింది. 1959 ఆగస్టు 31న తిమ్మయ్య రాజీనామా ఇచ్చారు, నెహ్రూ నచ్చజెప్పాక వెనక్కి తీసుకున్నారు. విషయం పత్రికలకెక్కింది. పౌర అధికారమే సర్వోన్నతమని నెహ్రూ పార్లమెంటులో గట్టిగా చెప్పారు. మాట నిజమే, దాని కింద నలిగింది మాత్రం అనుభవజ్ఞుల సలహా.

1961లో తిమ్మయ్య దిగిపోయాక ఆ స్థానానికి ఆయన సూచించిన థోరట్ కాకుండా థాపర్ వచ్చారు. కౌల్ ఆర్మీ ప్రధాన కార్యాలయంలో కీలక పదవి అయిన చీఫ్ ఆఫ్ జనరల్ స్టాఫ్ అయ్యారు. సామ్ మానెక్‌షా మీద దేశవ్యతిరేక మాటలన్న ఆరోపణతో విచారణ నడిచింది, నిర్దోషిగా తేలారు. 1962 అక్టోబరులో చైనా సరిహద్దులో కొత్తగా పెట్టిన 4వ కోర్‌ను, యుద్ధంలో దళాలను నడిపిన అనుభవం పెద్దగా లేని కౌల్‌కు అప్పగించారు. ఆయన ఎత్తైన కొండల్లో జబ్బుపడి ఢిల్లీ చేరారు, యుద్ధం మొదలైన రోజుల్లో మంచం మీద నుంచే ఆజ్ఞలిచ్చారు. ఓటమికి కారణాలు చాలా ఉన్నాయి, అన్నీ ఈ ఒక్కదాని ఖాతాలో వేయకూడదు. అయినా పై మాట కాదనగలిగినవాళ్లను అవతల పెట్టి, అవునన్నవాళ్లను పైకి తెచ్చిన సైన్యం నిజం చెప్పే శక్తి పోగొట్టుకుంటుందని అప్పుడు తెలిసింది. కౌల్ వెళ్లిపోయాక 4వ కోర్‌కు పంపింది మానెక్‌షానే.

సీనియారిటీ గుడ్డిగా పాటించాలని ఏ చట్టమూ చెప్పదు. ఎంపిక మంత్రివర్గ నియామకాల కమిటీది. 1983లో తెలుగువాడైన కె.వి. కృష్ణారావు పదవీ విరమణ చేసినప్పుడు ఎస్.కె. సిన్హాను కాదని ఎ.ఎస్. వైద్యను తీసుకున్నారు, సిన్హా రాజీనామా చేశారు. 2016లో ఇద్దరు సీనియర్లను దాటి బిపిన్ రావత్‌ను నియమించారు. ప్రతిభ చూసి దాటితే తప్పేమీ లేదు. కానీ కారణం బయటికి చెప్పనప్పుడు, కింది స్థాయిలో ప్రతి మేజర్ జనరల్ తర్వాతి అడుగు ఢిల్లీలో ఎవరికి నచ్చాలా అని ఆలోచించడం మొదలుపెడతాడు. నష్టం ఆ ఆలోచనతోనే మొదలవుతుంది. 2022 జూన్‌లో మార్చిన నిబంధనలు త్రివిధ దళాల సమన్వయానికి పెట్టిన చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్ పదవిని 62 ఏళ్లు నిండని రిటైర్డ్ లెఫ్టినెంట్ జనరళ్లకు కూడా తెరిచాయి. ఎంచుకునే వీలు పెరిగింది, నిజమే. రిటైరయ్యాక ఏం మాట్లాడితే పదవి వస్తుందన్న లెక్కకూ అవకాశం పెరిగింది.

రిటైరైన వెంటనే పార్టీలో చేరడానికి అడ్డేమీ లేదు. 2012 మేలో దిగిపోయిన ఆర్మీ చీఫ్ వి.కె. సింగ్ 2014 మార్చిలో బీజేపీలో చేరి, అదే ఏడాది ఎంపీ అయి, మంత్రి అయ్యారు. ఆయన చేసింది చట్టవిరుద్ధం కాదు. అమెరికాలో రక్షణ మంత్రి కావాలంటే యూనిఫాం విడిచి ఏడేళ్లు, జనరల్ స్థాయి అధికారులైతే పదేళ్లు అయి ఉండాలని చట్టం ఉంది, అక్కడి పార్లమెంటైన కాంగ్రెస్ ప్రత్యేకంగా మినహాయిస్తే తప్ప. మన దగ్గర అత్యున్నత స్థాయి అధికారులకైనా రాజకీయాల్లోకి రావడానికి కనీసం రెండు మూడేళ్ల విరామం పెట్టాలి. చీఫ్‌గా ఉన్న చివరి ఏడాదిలో తీసుకున్న ప్రతి నిర్ణయం మీద అనుమానం పడకుండా ఆయనకూ అదే రక్షణ.

ఓట్ల వేళ

ప్రజాప్రాతినిధ్య చట్టం 123(7) సెక్షన్ ప్రకారం ఎన్నికలో గెలవడానికి సైనికుల సహాయం తీసుకోవడం అవినీతికర చర్య. కోర్టులో రుజువైతే ఎన్నిక రద్దవుతుంది, ఆరేళ్ల దాకా అనర్హత పడవచ్చు. సహాయం అంటే సైనికుడు చేసే పని. అతని ఫొటోను ఫ్లెక్సీ మీద వేసుకోవడం, సరిహద్దులో జరిగిన దాడిని సభలో తమ ఖాతాలో వేసుకోవడం ఆ నిర్వచనంలో సులభంగా ఇమడవు. ఆ ఖాళీని ఎన్నికల సంఘం సూచనలతో పూడుస్తోంది. సైనికుల ఫొటోలు, సైనిక కార్యక్రమాల చిత్రాలు ప్రచారంలో వాడవద్దని 2013 డిసెంబరులో పార్టీలకు చెప్పింది. వింగ్ కమాండర్ అభినందన్ ఫొటోతో పోస్టర్లు వెలిశాక 2019 మార్చి 9న మళ్లీ చెప్పింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో సైన్యాన్ని ‘మోదీజీ సేన’ అన్నందుకు ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రిని ఇకపై జాగ్రత్తగా మాట్లాడమంది. అంతకుమించి శిక్ష లేదు. ఏ పార్టీ అధికారంలో ఉన్నా సైనిక విజయాన్ని తన ఖాతాలో రాసుకోవాలనుకుంటుంది, ప్రతిపక్షం ఆ విజయాన్నే అనుమానించేలా మాట్లాడి అదే వలలో పడుతుంది. రెండు సందర్భాల్లోనూ తమ గురించి తాము నోరు విప్పే హక్కు లేని జవాన్లు మధ్యలో చిక్కుకుంటారు.

ఎన్నికల నియమావళి చట్టం కాదు. కానీ 1968 నాటి ఎన్నికల గుర్తుల ఉత్తర్వులో 16ఎ పేరా, నియమావళిని గానీ సంఘం ఆదేశాలను గానీ ఖాతరు చేయని పార్టీ గుర్తింపును సస్పెండ్ చేసే, రద్దు చేసే అధికారం సంఘానికి ఇచ్చింది. ఫొటోల విషయంలో దాన్ని తీసి చూపిస్తే పార్టీలు వినే తీరు వేరుగా ఉంటుంది.

కోడ్ అమల్లో ఉన్న రోజుల్లో మీ వీధిలో జవాను ఫొటోతో పార్టీ ఫ్లెక్సీ కనిపిస్తే ఎన్నికల సంఘం ఫిర్యాదుల యాప్ సీవిజిల్ తెరిచి అక్కడికక్కడే ఫొటో గానీ చిన్న వీడియో గానీ తీయండి. గ్యాలరీలో ఉన్న పాత ఫొటోలను అది తీసుకోదు. లొకేషన్ ఆన్‌లో ఉండాలి, తీసిన ఐదు నిమిషాల్లోపు పంపాలి. పేరు చెప్పకుండానూ పంపవచ్చు. ఫిర్యాదు ఫ్లయింగ్ స్క్వాడ్‌కు వెళ్లి 100 నిమిషాల్లో తేలాలన్నది వాళ్లు పెట్టుకున్న గడువు. వివరణ రాసేటప్పుడు 2019 మార్చి 9 నాటి సూచనను తేదీతో సహా పేర్కొనండి. నిఘా బృందంలో ఉన్నవాళ్లకు డబ్బు, మద్యం కేసులు అలవాటే గానీ, ఫొటో కూడా ఉల్లంఘనేనన్నది గుర్తుకు రాకపోవచ్చు.